వృత్రుడును చెరువు తూమును

పోర్టుబ్లెయిరు నగరమున ఫీనిక్స్ బే తీరము పొడుగునను, మెరైన్ డాక్‌యార్డు మొదలుకొని ద్వీపాంతరములకు బోవు ఓడలు నిలుచు జెట్టీ వఱకు, ఎటు చూచినను నీరే. కాని ఆ ఓడ నెక్కువాడు వెంట తెచ్చుకొను సీసాలోని నీటికిని, ఆ డాక్‌యార్డు పనివాని యింటి కుళాయిలో వచ్చు నీటికిని ఎదుటనున్న ఆ సముద్రముతో ఏ సంబంధమును లేదు. ఆ నీటిలో అధికభాగము దక్షిణాండమాను కొండలలో ధనిఖారి నాలాకు అడ్డముగా 1973లో కట్టిన ఆనకట్ట వెనుక నిలిచిన వాననీరు. ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియు ఈ ద్వీపములలో, మే మొదలు డిసెంబరు వఱకు రెండు ఋతుపవనములును ఒకదాని వెంట నొకటి వచ్చి తడిపిన నేలమీద, జనవరి గడచి ఏప్రిలు ప్రవేశించునప్పటికి కుళాయి కొన్ని యేండ్లలో మూడు నాలుగు దినముల కొకమారు మాత్రమే వచ్చుట అచ్చటి గృహిణులకు క్రొత్త సంగతి కాదు. కొండలు ఏటవాలు, వాగులు పొట్టివి, నీరు ఇంకి నిలుచు చోటు తక్కువ. కురిసినది కురిసినట్లే పరుగెత్తి కడలిని కలియును. ఇట్టి చోట నీటిని నిలుపుట జీవధారణమునకే ఆవశ్యకము. 2011 జనగణనమున ఈ ద్వీపవాసులలో నూటికి 13 మందికి పైగా తెలుగును మాతృభాషగా చెప్పిరి. వారిలో పెక్కురు శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వచ్చినవారు, చెరువుల నీరును గెడ్డల నీరును త్రాగి పెరిగిన వంశములవారు. వారి యెదుటను మన యెదుటను ఉన్న ప్రశ్న యొక్కటే: పారు నీటిని నిలుపుటకు ఒకనికి అనుజ్ఞ ఇయ్యగల అధికారము ఎవరిది? అది వారికి ఎక్కడనుండి వచ్చినది?

ఆనకట్టకు అనుమతిపత్రము నిచ్చుట ఇంజనీరు గణితమునకును గుమాస్తా ముద్రకును చెందిన వ్యవహారముగా మనము తలంచుచున్నాము. గణితము కట్ట నిలుచునా యని చెప్పగలదు. ముద్ర కట్టినవాడెవడో చెప్పగలదు. కట్టవచ్చునా అనునది ఆ రెంటికిని ముందుగా తేలవలసిన ధర్మవిషయము. ఈ విషయమును మన పూర్వులు మిక్కిలి చిత్రమైన రీతిని మనకు అప్పగించి పోయిరి. ఋగ్వేదమున ఇంద్రుని మహాకార్యములలో ప్రధానమైనది వృత్రవధ. ఆ వృత్రుడు చేసిన అపరాధము జలములను చుట్టి అడ్డగించి పర్వతముపై పరుండుట; ఇంద్రుడు వానిని వజ్రముతో కొట్టి నీళ్ళను విడిపించెను. అనగా మన ప్రాచీనతమ వాఙ్మయమున దేవతల కెల్ల పరమశత్రువైనవాడు నీటికి అడ్డుకట్ట వేసినవాడు. ఇక పురాణములకును స్మృతులకును దిగివచ్చినచో, పుత్రునితోడను దేవాలయముతోడను సమానముగా సప్తసంతానములలో తటాకము చేరి కూర్చున్నది; చెరువు త్రవ్వించినవాడు తరతరముల పితరులను తరింపజేయునని వినుచున్నాము. మన దేశమున చెరువన నేమి? చాలచోట్ల వాగునకు అడ్డముగా వేసిన కట్ట. పని వృత్రుడు చేసిన పనియే. ఒకే పని ఒకనికి వజ్రాఘాతమును మఱియొకనికి స్వర్గమును తెచ్చుట యెట్లు?

చరిత్రకారుడు దీనికి సులభమైన సమాధానము చెప్పును: వేదకాలపు జనులు పశుపాలకులు, స్మృతికాలపు జనులు కృషీవలులు, జీవనము మాఱినందున నీతియు మాఱినది అని. ఇది నిజమే కావచ్చును గాని ధర్మజిజ్ఞాసువునకు చాలదు. ఏలయన స్మృతికర్తలు వేదమును త్రోసివేసి చెరువును పొగడలేదు, వేదమును ప్రమాణముగా నెత్తిన బెట్టుకొనియే పొగడిరి. వారికి ఈ రెంటి నడుమ వైరుధ్యము కనబడకపోవుటకు కారణ మేదో ఉండవలెను.

ఆ కారణమును వెదకుటకు ముందు ఇంకను రెండు కథలను జ్ఞాపకమునకు తెచ్చుకొనుట మంచిది. రామాయణ ఉత్తరకాండమున కార్తవీర్యార్జునుడు అంతఃపురస్త్రీలతో నర్మదలో జలక్రీడలాడుచు, తన వేయి బాహువుల బలమును పరీక్షించుకొనదలచి నదిని అడ్డగించెను. ఎగువకు ఎగదన్నిన ఆ నీరు శివపూజకై రావణుడు కూర్చుకొన్న పూవులను తేల్చుకొనిపోయెను. కవి దీనిని ఇద్దఱు గర్విష్ఠుల కలహమునకు నాందిగా చెప్పెను గాని, ముంపు బాధితుని ఫిర్యాదు మన సాహిత్యమున ఇంత స్పష్టముగా వినబడిన చోటు వేఱొకటి నాకు స్ఫురించుటలేదు. ఫిర్యాదుదారు రావణుడగుటచేత మనము దానిని మన్నింపలేదు, అంతే. రెండవది వృత్రవధానంతర కథ. వృత్రుని చంపిన ఇంద్రునకు బ్రహ్మహత్య అంటినదనియు, ఆ పాపమును అగ్ని, వృక్షములు, అప్సరసలు, జలములు పంచుకొనెననియు మహాభారత శాంతిపర్వమున చెప్పబడినది. నీటిని అడ్డగించుట దోషము. అడ్డును బ్రద్దలు చేయుటయు దోషమే. ఆ రెండవ దోషమును, విడుదల పొందిన నీరే కొంత మోయవలసివచ్చినది. కట్ట తెగిన రాత్రి ఊరిమీదికి వచ్చిన నీటిని చూచినవారికి ఈ కథ పుక్కిటి పురాణముగా తోచదు.

ఈ కథలన్నింటిని కలిపి చూచినచో భేదము ఎచ్చట నున్నదో తెలియుచున్నది. వృత్రుడు విడువనివాడు, వాని కట్టకు తూము లేదు. మన యూరి చెరువునకు కట్ట ఎంత ముఖ్యమో ఆ కట్టకు కావలెనని పెట్టిన సందులును అంత ముఖ్యము: పొలమునకు నీరు విడుచు తూము, నిండిన పిమ్మట మిగిలినది పొరలిపోవు అలుగు, దానినే తెలంగాణమున మత్తడి యనియు రాయలసీమలో మరవ యనియు అందురు, పశువులు దిగు రేవు. నిండినచోట ఆపి, నిండిన తరువాత విడుచు ఈ ఏర్పాటులోనే చెరువు యొక్క ధర్మమంతయు ఇమిడియున్నది. వియరు అనబడు కట్ట సంగతి చూడుడు: అది ఆద్యంతము అలుగే. ఏటిని ఆపదు, కొంత ఎత్తునకు లేపి, ఆ ఎత్తున కాలువకో గొట్టమునకో కొంత నీరిచ్చి, తక్కిన దానిని తన తలమీదుగా పోనిచ్చును. అండమాను గ్రామములకు కొండవాగులలో కట్టు చిన్న కట్టలు చాలవఱకు ఈ జాతివే. తల వంచి దారి యిచ్చు కట్టకును, తల యెత్తి నిలిచిన కట్టకును నీతిదృష్టిలో భేదము లేకపోదు. తల యెత్తినదానికి తలుపులు కావలెను, తలుపులకు కాపరి కావలెను, కాపరికి జీతమును, గ్రీజుకు డబ్బును, రాత్రి మెలకువయు కావలెను.

ఇచ్చట మన శాస్త్రకారులు చేసిన మఱియొక సూక్ష్మవిచారమును చెప్పక తప్పదు. చెరువు కట్టించి ప్రతిష్ఠ చేయువాడు చివర ఉత్సర్గము చేయవలెను. అనగా ఈ జలము సర్వభూతములకును చెందుగాక యని సంకల్పించి తన స్వత్వమును విడిచిపెట్టవలెను. ఇది దానమా, దానము కాదా? దానమునకు పుచ్చుకొనువాడు ఒకడు ఎదుట ఉండవలెను. సర్వభూతములు చేయి చాచి పుచ్చుకొనలేవు. కావున ఇది దానము కాదు, త్యాగమాత్రమని నిర్ణయించిరి. అట్లయినచో, తాను విడిచిన చెరువులో తానే స్నానము చేయవచ్చునా, విడిచినదానిని మరల పుచ్చుకొన్న దోషము రాదా యని శంకించి, కట్టించినవాడును సర్వభూతములలో నొకడే గనుక ఆ లెక్కన వాడుకొనవచ్చునని సమాధానము చెప్పిరి. ఈ సమాధానమును తేలికగా తీసికొనరాదు. కట్టించినవానికి నీటిమీద హక్కు కలదు. కాని ఆ హక్కు కట్టించినందున వచ్చినది కాదు, దప్పిగొనువారిలో తానును ఒకడైనందున వచ్చినది. ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వఱకు ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర కంపెనీ కొలువులోనివాడు. ద్రవ్యము అతనిది కాదు, ఉత్సర్గ సంకల్పమును అతడు చేయలేదు. అయినను గోదావరి మండలమున అతని విగ్రహమునకు పూలదండలు వేయువారు నేటికిని కలరు. యజ్ఞఫలము యజమానిదే గాని జీతము పుచ్చుకొన్న ఋత్విక్కుది కాదని మీమాంసకుడు చెప్పును. గోదావరి రైతు ఈ విషయమున మీమాంసకుని సలహా అడుగలేదు.

ఇక అనుజ్ఞ మాట. నేటి వారు కనిపెట్టినదనుకొను ఈ విషయమున యాజ్ఞవల్క్యుడు రెండు వాక్యములలో చెప్పినంత నిష్కర్షగా చెప్పిన చట్టము నేడును అరుదు. పరుని భూమిలో కట్టవలసివచ్చినను, బాధ స్వల్పమై మేలు అధికమైన సేతువును, అనగా కట్టను, ఆ భూస్వామి నిషేధింపరాదనునది మొదటి మాట. స్వామికి తెలుపకయే పరక్షేత్రమున సేతువును కట్టినవానికి దాని ఫలము దక్కదు, అది ఆ స్వామిది, స్వామి లేనిచో రాజుది అనునది రెండవ మాట. మొదటిది కాదనువాని నోటిని కట్టుచున్నది. రెండవది అడుగనివాని చేతిని కట్టుచున్నది. అడుగవలెను, అడిగినప్పుడు కారణము లేక కాదనరాదు. అనుమతివిధానము యొక్క తత్త్వమంతయు ఈ రెండు మాటల నడుమ నున్నది. పాడుపడిన సేతువును బాగుచేయుటకు సయితము స్వామినడుగవలెననియు, స్వామియు వాని వంశమువారును లేనప్పుడు రాజునకు విన్నవించి పని మొదలుపెట్టవలెననియు నారదుడు చెప్పెను. ఈ స్మృతివ్యవహారమును తెనుగున మొట్టమొదట పద్యములలో పెట్టినవాడు తిక్కన కాలపు కేతన. విజ్ఞానేశ్వరుని మితాక్షరను అనుసరించిన అతని గ్రంథము తెలుగువారి మొదటి ధర్మశాస్త్రము.

కౌటిల్యుడు ఆచరణదృష్టి గలవాడు. క్రొత్తగా చెరువును కట్టలను కట్టినవానికి ఐదేండ్లు, పాడుపడినదానిని ఉద్ధరించినవానికి నాలుగేండ్లు పన్ను వదలుమనెను. ఆపద లేకయే ఐదేండ్లు పని చేయించక విడిచిన సేతువుపై స్వామ్యము నశించుననెను. నీరున్న కట్టను తెగగొట్టినవానిని ఆ నీటిలోనే ముంచుమనెను. ఈ మూడింటిలో కడపటిది మనకు భయంకరముగా తోచును గాని, నాకు మిక్కిలి ఆలోచనీయముగా తోచునది నడిమిది. కట్టినందున కలిగిన హక్కు కాపాడనందున పోవును. మన రాయలసీమలోని దశబంధ ఇనాములును ఈ న్యాయమునే అనుసరించినవి: చెరువు కట్టినవానికి, మరామత్తు చేయువానికి భూమి యిచ్చిరి, మరామత్తు చేయుచుండుటయే ఆ అనుభవమునకు షరతు. అనుజ్ఞ ఒకమాఱు చేతికిచ్చి మఱచిపోవు కాగితము కాదు, ఏటేట తీర్చవలసిన ఋణము అని వారి తాత్పర్యము.

కడప జిల్లా పోరుమామిళ్ళలో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువును గూర్చిన 1369 నాటి సంస్కృత శాసనము ఈ ప్రస్తావమున తప్పక చదువదగినది. వేయిమంది కూలీలు దినదినమును రెండేండ్లు పనిచేసిరనియు, రాళ్ళు తోలుటకు నూఱు బండ్లు నడచెననియు చెప్పి, ఆ శాసనము చెరువునకు పండ్రెండు సాధనములను ఆఱు దోషములను లెక్కించును. సాధనములలో మొదటిది ధర్మపరుడైన రాజు, రెండవది జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు. తరువాతనే గట్టి నేలయు, మంచినీటి యేరును, కొండల నడుమ దృఢమైన రాతికట్టయు, రాతిగనియు, పని తెలిసిన జనమును. దోషములు ఇవి: కట్టనుండి నీరు కారుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు కడుపున నడుమ మిట్ట, నీరు కొంచెమై నేల విస్తారమగుట, నేల కొంచెమై నీరు విస్తారమగుట. ఐదు దోషములు ఇంజనీరు చెప్పవలసినవి. సరిహద్దు దోషమును ఏ ఇంజనీరును చెప్పడు. అది మట్టిలోని దోషము కాదు, మనుష్యులలోని దోషము. ఇద్దఱు ప్రభువుల నడుమనున్న చెరువునకు ఎవడును తండ్రి కాడని ఆ శాసనకర్త ఎఱుగును. 2024 జులైలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట మండలమున పెద్దవాగు కట్ట తెగినది. రాష్ట్రము విడిపోయిన పిమ్మట ఆ కట్ట తెలంగాణలోను, ఆయకట్టులో అధికభాగము ఆంధ్రప్రదేశ్‌లోను పడినవి. బాగుచేయు ఖర్చు ఎవరిదను చర్చ సాగుచుండగానే వరద వచ్చినది. పోరుమామిళ్ళ రాతిమీద ఆఱువందల యేభై యేండ్లకు పైగా ఆ దోషము వ్రాసియే యున్నది.

చవుడు నేల దోషమును అండమాను వాసులు మఱియొక విధముగా ఎఱుగుదురు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపమున పోర్టుబ్లెయిరు ప్రాంతపు నేల సుమారు ఒక మీటరు క్రుంగి, సిప్పీఘాట్ పొలములలోనికి సముద్రము ప్రవేశించి అక్కడనే నిలిచిపోయినది. ఏ కట్టను, ఎవ్వరిని అడుగకయే కడలి తన సరిహద్దును తానే మార్చుకొన్నది.

నేటి చట్టము సంగతికి వత్తము. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయి, దిగువనున్న పులపత్తూరు, మందపల్లి మున్నగు గ్రామములు పాడైపోయినవి, ప్రాణములును పోయినవి. అటు తరువాత రెండు వారములైన గడువకముందే, డిసెంబరు 2న, ఆనకట్టల భద్రతా చట్టము రాజ్యసభలో నెగ్గినది. లోకసభ దానిని 2019లోనే అంగీకరించి యుండెను. ఆ డిసెంబరు 30నుండి అమలులోనికి వచ్చిన ఆ చట్టము, 15 మీటర్లకు మించిన ఆనకట్టలను, 10 మీటర్లకును 15 మీటర్లకును నడుమ నుండి కట్ట పొడవు, నీటి పరిమాణము, వరద ప్రవాహము మొదలగు కొన్ని లక్షణములు గల ఆనకట్టలను తన పరిధిలోనికి తీసికొని, వానకాలమునకు ముందును వెనుకను పరీక్ష చేయవలెననియు, ఆపత్కాలమున ఏమి చేయవలెనో ముందుగా వ్రాసి యుంచవలెననియు యజమానిని శాసించుచున్నది. ఆజ్ఞను పాటింపనివానికి ఏడాది వఱకు, దానివలన ప్రాణనష్టము కలిగినచో రెండేండ్ల వఱకు కారాగారము. కౌటిల్యుని ముంపు శిక్షతో పోల్చి ఇది మెత్తనిదనుట న్యాయము కాదు. ముందుగా చూడుమని చెప్పు శాసనము, తరువాత ముంచుమని చెప్పు శాసనముకంటె నాగరికమైనది. 32 మీటర్ల ఎత్తున కట్టి, నగరము పెరిగి నీరు చాలక పిమ్మట ఇంకను ఎత్తు పెంచిన ధనిఖారి ఆనకట్ట ఈ చట్టమునకు లోబడినదే.

అయినను ఎత్తు కొలతతో అపాయమును కొలువవచ్చును గాని ధర్మమును కొలువరాదు. పది మీటర్లకు లోపలి కట్ట ఈ చట్టము కంటికి ఆనదు. అండమాను పల్లెలకు నీరిచ్చునది చాలచోట్ల మనిషి నిలువెత్తున కాంక్రీటుతో నాలాకు అడ్డముగా వేసిన వియరు. దానినుండి గొట్టము దిగి వచ్చి, వాడలోని ట్యాంకును నింపును. కట్టునది సామాన్యముగా అండమాను ప్రజాపనుల శాఖ, వాడుకొనునది పంచాయతీ. ద్వీపభూమిలో నూటికి 80 పాళ్ళకు పైగా అడవిగా నిర్ణయింపబడి యున్నందున వాగు పుట్టుక తఱచుగా అడవిలోనే. అడవినేలను ఇతర ప్రయోజనమునకు మార్చుటకు 1980 చట్టము ననుసరించి కేంద్రప్రభుత్వానుమతి కావలెను. జారవాల వంటి ఆదిమజనుల అభయభూమి యైనచో 1956 నాటి రక్షణ నిబంధన అడ్డు నిలుచును. ఈ అనుమతులన్నియు మంచివే. కాని అవి అడుగు ప్రశ్నలు నేల యెవరిది, చెట్లెన్ని, ఖర్చెంత అనునవి. ఏప్రిలు నెలలో వాగు సన్నగిల్లినప్పుడు గొట్టమునకు ఎంత, వాగునకు ఎంత అను ప్రశ్న దాదాపుగా ఎక్కడను కనబడదు. వృత్రునికిని తటాకకర్తకును భేదము ఆ ప్రశ్నలోనే యున్నదని పైన చెప్పితిని.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ కలదు. దప్పితో నోరెండిన పల్లెకు బారెడు కట్ట కావలసినప్పుడు అనుమతులు, పరీక్షలు, పుస్తకములు అని సాగదీయుట దయలేని పనియనియు, 2002లో మన యుభయ రాష్ట్రములకు పూర్వరూపమైన ఆంధ్రప్రదేశ్ తెచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద బోరుబావికి అనుమతి వ్రాయించుకొనుట యన నేమో రైతు నడిగి తెలిసికొనుమనియు ఆక్షేపకుడు చెప్పును. ఆక్షేపణలో సత్యము కలదు. దాహము తక్కిన అవసరములకంటె ముందు నిలుచునని పెక్కు మతముల ధర్మములు చెప్పుచున్నవి. పోర్టుబ్లెయిరులో తెలుగువారి యిరుగుపొరుగు వారైన మాప్పిళ్ళ మహమ్మదీయుల ధర్మశాస్త్రమున, స్వంత బావి గలవాడైనను మిగిలిన నీటిని దాహార్తునికి నిరాకరింపరాదను దాహహక్కు స్పష్టముగా నున్నది. కాని ఆ హక్కు ఎగువ గ్రామమునకు ఉన్నట్లే దిగువ గ్రామమునకును ఉన్నది. దాహము పేర కట్టిన కట్ట మఱియొకని దాహమునకు కారణమగునా యని విచారింపక విడుచుట దయ కాదు, తొందర. యాజ్ఞవల్క్యుని మొదటి వాక్యము ఆక్షేపకునికి అనుకూలముగా నున్నదే: బాధ స్వల్పమైనచో కాదనరాదు. బాధ స్వల్పమా కాదా అని చూచుటకైనను ఎవరో ఒకరు వాగు వెంబడి దిగువకు నడచి చూడవలెను గదా.

దిగువన మనుష్యులే ఉండనక్కఱలేదు. 2024లో పోర్టుబ్లెయిరునకు శ్రీ విజయ పురమని పేరు మార్చిరి. ఆ పేరు వినగానే చరిత్ర చదివినవారికి, ఈ ద్వీపములకు దక్షిణమున సుమత్రాలో వర్ధిల్లిన శ్రీవిజయ రాజ్యము స్ఫురించును. పాలెంబాంగు దాపున దొరకిన తలాంగ్ తువో శాసనము 684 నాటిది. జయనాసుడను ఆ రాజు బౌద్ధుడు. తోటలు నాటించి, కట్టలను చెరువులను చేయించి, ఆ పుణ్యకార్యములన్నియు చరాచర సర్వప్రాణుల మేలునకు ఉపయోగపడుగాక యని అతడు అందులో కోరెను. చరాచరములు అను మాటను మనము అలవాటుగా పలికి దాటిపోవుదుము. అండమాను వాగు దిగువన అది నిలిచి చూపించు మాట: చరములు మడ అడవులలోని చేపపిల్లలును పీతలును మొసళ్ళును, అచరములు తీపినీరు వచ్చి ఉప్పునీటిని కలిసినచోట వర్ధిల్లు మడచెట్లు. ఉత్సర్గ సంకల్పమున సర్వభూతములను పేర్కొన్న బ్రాహ్మణుడును, చరాచరములను పేర్కొన్న బౌద్ధరాజును ఈ విషయమున ఏకవాక్యముగా నున్నారు. ఆ వాక్యము నేటి అనుమతిపత్రమున ఒక షరతుగానైనను దిగలేదు.

ఫీనిక్స్ బేలో కుళాయి విప్పువాడు ధనిఖారి లోయను చూచియుండకపోవచ్చును. ఆ లోయ నీరు తనదని అతడు వాదింపనవసరములేదు, తనది కాదని సిగ్గుపడనవసరమును లేదు. దప్పిగొనువారిలో అతడొకడు, అంతవఱకు హక్కుదారు. అంతకు మించి నగరము కొనిపోవుచున్నచో ఎగువవారికిని దిగువవారికిని ఋణపడి యున్నది. ఆ ఋణమును లెక్కించి వసూలు చేయుటయే అనుమతి నిచ్చు ప్రభుత్వము యొక్క అధికారమునకు మూలమని నా నిశ్చయము. ప్రభుత్వము నీటికి యజమాని కాదు. ఊరిలో వంతులవారీగా నీరు పెట్టు నీరుగంటి పొలములకు యజమాని కానట్లే. నీరుగంటి వంతు తప్పించిననాడు రైతులు వానిని అడుగగలిగిరి. ప్రభుత్వమును అడుగుటకు పల్లెవారి చేతిలో ఒక కాగితమైన ఉండవలెను.

కావున పంచాయతీల పెద్దలకును ప్రజాపనుల శాఖవారికిని చేయదగిన మనవి యిది: పది మీటర్లకు లోపలి కట్టలు చట్టమునకు ఆనకున్నను, ప్రతి గ్రామమున వాగులమీది ప్రతి వియరునకును ఒక పుట చొప్పున ఒక పుస్తకము ఉంచుడు. కట్టినదెవరు, ఏ యేట, ఎగువన నీరు ఎంతదూరము ఎగదన్నును, ఎండకాలమున వాగునకు విడువవలసిన నీరెంత, పూడిక తీయవలసినదెవరు అను ఐదు సంగతులు అందులో వ్రాసి, ఏటేట మే నెలలో వానలు పడకముందు గ్రామసభలో చదివించుడు. ఐదేండ్లు వరుసగా పూడిక తీయని కట్టకు అనుమతి రద్దు చేసి, బాగుచేయుటకు ముందుకు వచ్చిన ఊరికి దానిని అప్పగింపుడు. అట్టివారు లేనిచో దానిని తీసివేసి వాగును విడువుడు. ఆ పుస్తకము లేని గ్రామమున క్రొత్త కట్టకు సంతకము పెట్టకుడు.